కుర్చీలో సున్నపురాయి పొడి: బలమా, కల్తీయా?

గుణుపురం టెంట్‌హౌస్: మొన్న పెళ్ళికి పంపిన కొత్త ఎర్ర కుర్చీలకు కాళ్ళు విరిగాయి. విరిగినచోట తెల్లగా ఉంది. అమ్మినాయనేమో "ఫిల్లర్ (ప్లాస్టిక్‌లో కలిపే సున్నపురాయి పొడి) ఉంటేనే గట్టి" అంటాడు. పెళ్ళివారి చేత మాటలు పడింది నేను. ఇది కల్తీ కాదా?

రాయగడ మౌల్డింగ్: తెల్లగా కనబడితే పొడేనా అన్నా? ఈ కుర్చీల ప్లాస్టిక్, అదే పాలీప్రొపిలీన్, బాగా వంగితే ఉత్తదైనా తెల్లబడుతుంది. కాల్షియం కార్బొనేట్, అంటే ఆ సున్నపురాయి పొడి, వేస్తే కుర్చీ బిగువుగా ఉంటుంది, కూర్చుంటే కాళ్ళు విచ్చుకోవు.

టెంట్‌హౌస్: విచ్చుకోలేదు బాబూ, విరిగాయి.

మౌల్డింగ్: ఎండలో పడేశారేమో.

టెంట్‌హౌస్: కొత్తవని రాశాను, చదవవా?

బరంపురం మాస్టారు: వంగకపోవడం వేరు, విరగకపోవడం వేరు. పొడి రేణువులు మొదటిదానికి పనికొస్తాయి. మోతాదు మించినా, సరిగా కలవక ఉండకట్టినా పగులు అక్కడే మొదలవుతుంది. లాగుడుకు ఆగాలంటే గాజునార కావాలి. ప్లాస్టిక్ తన మీద పడ్డ భారాన్ని నారకు అందిస్తుంది, మోసేది నారే. అయితే పాలీప్రొపిలీన్ గాజును సరిగా పట్టుకోదు. అందుకే రెండూ అతుక్కోవడానికి మాలియిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం ఎక్కించిన పాలీప్రొపిలీన్ కాస్త కలుపుతారు. నార మరీ పొట్టిదైతే తెగేదాకా ఉండదు, ఊడొచ్చేస్తుంది.

పర్లాకిమిడి కుర్రాడు: మన గోగునార వేస్తే?

మౌల్డింగ్: వెయ్యొచ్చు తమ్ముడూ. వేడి 200 డిగ్రీలు దాటితే మాడడం మొదలవుతుంది, పైగా తేమ పీలుస్తుంది. గాజునారైతే మౌల్డింగ్ మెషీన్‌లోని స్క్రూ, బారెల్ అరగ్గొడుతుంది. పెళ్ళి కుర్చీకి ఆ ఖర్చెవరు పెడతారు?

టెంట్‌హౌస్: గాజు ఎవరడిగారు? "ఎత్తి చూడండి, ఎంత బరువో" అని అమ్మాడు. బరువు చూసే కొన్నాను.

మాస్టారు: పాలీప్రొపిలీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, ఆ పొడిది 2.7. సైజు, మందం ఒకటే అయి బరువు పెరిగిందంటే అనుమానించాల్సిందే.

టెంట్‌హౌస్: చూశావా!

మౌల్డింగ్: ఏం చూడాలి? దానా (ప్లాస్టిక్ గింజల) రేటు పెరిగినా పాత ధరకే కావాలని పీకల మీద కూర్చునేది మీరు కాదూ? ఇద్దరు షాపువాళ్ళు నాకింకా డబ్బులివ్వలేదు. ఉత్త దానాతో చేసి నేను అప్పులపాలు కావాలా?

టెంట్‌హౌస్: నీ బాకీ నేనెగ్గొట్టానా? పొడి వెయ్యొద్దని నేననలేదు. ఎంత వేశారో చెప్పి అమ్మమంటున్నాను.

మౌల్డింగ్: చెబితే కొంటారా?

టెంట్‌హౌస్: తక్కువ ధరకిస్తే కొంటాను. పిల్లల ఫంక్షన్లకు పంపుకుంటాను, భారీ మనుషులొచ్చే పెళ్ళికి కాదు.

కుర్రాడు: షాపు పేరు చెప్పండి బాబాయ్, మేమూ ఆర్డరివ్వబోతున్నాం.

టెంట్‌హౌస్: ఇక్కడొద్దు. ఫోన్ చెయ్యి.