‘అగునేటి’లో ‘నే’ ఎక్కడిది?

తిరుచానూరు డీటీపీ:
అయ్యవార్లకు, అక్కలకు నమస్కారం. రెండు దినాలుగా ఒక మాట నన్ను వదలడం లేదు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన తాళ్లపాక రాగిరేకుల మొదట్లో తేదీ చెప్పే వాక్యం ఉంది గదా, ‘శాలివాహన శకవర్షంబులు ఇన్ని అగునేటి ఫలానా సంవత్సర...’ అని. వాక్యం పూర్తిగా గుర్తు రావడం లేదు. ‘అగునేటి’ మాత్రం నాలుక మీదే ఉంది.

ఎందుకు కావాలంటే, మా భజన బృందానికి అన్నమయ్య వర్ధంతి పుస్తకం లాటెక్‌లో, అంటే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, కడతా ఉన్నా. లోపలి అట్ట మీద మామూలు తేదీ బదులు రేకుల పద్ధతిలో తేదీ ఉండాలని ఆశ. అందులో ఈరోజు తేదీ వేసే టుడే కమాండ్ ఇచ్చేది జనవరి, ఫిబ్రవరులే. దాన్ని తిరగరాసి, ఏడాది అంకెలోంచి శకం, శకంలోంచి సంవత్సరం పేరు వచ్చేటట్టు చేసినా. వచ్చింది కూడా. కానీ ‘అగు’ ఒక లైను చివర, ‘నేటి’ కింది లైను మొదట్లో పడినాయి. ప్రూఫు చూసినాయన ‘నేటి సంవత్సరం’ అని చదివి, ఈరోజుదనే గదా అన్నాడు. ఇది ఒక మాటా, రెండు మాటలా?

పుత్తూరు:
రెండు మాటలే. అగు, నేటి. శాసనం వేయించినవాడు తాను నిలబడిన దినం నుంచే మాట్లాడతాడు. నాడు, నాటి. నేడు, నేటి. ‘నానాటి బతుకు’ అన్నాయన రేకుల్లో ‘నేటి’ కనబడితే వేరే అర్థం ఎందుకు వెతకాల? నువ్వు తిరగరాసే కమాండు పేరు కూడా నేడే గదా.

చంద్రగిరి అయ్యవారు:
కాదు నాయనా. అది అగు + ఏఁటి. బాలవ్యాకరణం సంధి పరిచ్ఛేదం తీసి చూడు: ‘ఉదంత తద్ధర్మార్థ విశేషణంబున కచ్చు పరంబగునపుడు నుగాగమంబగు’. అంటే, ‘చేయు’ లాంటి ఉకారాంత విశేషణం తరువాత అచ్చు వస్తే నడుమ ‘న’ చేరుతుంది, అదే నుగాగమం. చేయు, అతఁడు కలిస్తే చేయునతఁడు. అట్లే అగునేఁటి. శకం 1424 అయ్యే ఏటిలోని ఫలానా మాసం, ఫలానా తిథి అని చెప్పడం అది. మన ఊళ్లలో ‘పోయినేడు వానల్లేవు’ అంటే పోయిన ‘నేడు’ అని ఎవరైనా అనుకుంటారా? ఒకే మాట. విడగొట్టొద్దు.

పుత్తూరు:
అయ్యవారూ, సూత్రం నాకూ వచ్చు. పాత శాసనాల్లో ‘అగునేంటి’ అని నిండు సున్నతో ఉంటుంది. నేఁడులో అరసున్న ఉంది. ఆ సున్న నేఁటిదే అని నేనంటాను.

చంద్రగిరి అయ్యవారు:
ఏఁడులోనూ అరసున్న ఉంది. లేనిది 7 అనే ఏడుకు. సంవత్సరమైతే ఏఁడు, సంఖ్యయితే ఏడు అని మేము బళ్లో చెప్పిన మొదటి పాఠాల్లో అదొకటి. సున్న మన ఇద్దరి పక్కా సాక్ష్యం చెబుతుంది కాబట్టి, దాన్ని పక్కన పెట్టండి.

కోనేటి కట్ట:
సున్న దాకా పోవాల్సిన పనే లేదు. రేకు వాక్యంలో ‘అగునేటి’ ఒకసారి కాదు, రెండుసార్లు వస్తుంది. ‘1346 అగునేటి క్రోధి సంవత్సరమందు’ అని మొదలుపెట్టి, స్వామి ప్రత్యక్షమైన సంగతి చెప్పి, తరువాత ‘1424 అగునేటి దుందుభి సంవత్సర ఫాల్గుణ బ 12’ అంటారు. ఒకే వాక్యంలో 78 ఏండ్ల ఎడంతో రెండు ‘ఈరోజు’లు ఎట్లా ఉంటాయి? పుత్తూరు వారి వాదం ఇక్కడే ఆగిపోతుంది.

పుత్తూరు:
రెండు చోట్లా ఉందని మరిచిపోయినా. ఒప్పుకుంటా. కానీ అదే వాక్యంలో ‘పదారేండ్లకు’ అని నిండు సున్నతో చెక్కినవాడు, కొన్ని మాటల ముందు ‘నేటి’ అని సున్న లేకుండా ఎందుకు చెక్కినాడు? రెండూ ఏండే అయితే ఒకే మాదిరి ఉండాల గదా.

కోనేటి కట్ట:
ఇప్పటికీ మనం పలికేదే అది. బహువచనంలో ఏండ్లు, ఏకవచనంలో ‘ఏటికేడు’. చెక్కినవాడు చెవిని నమ్మినాడు.

పుంగనూరు:
నేనొకటి చెప్తా, కొట్టిపారేయొద్దండి. ‘అగు’ లేకుండా అంకె పక్కనే నేరుగా ‘నేంటి’ అని ఉన్న శాసనాలు బోలెడు ఉన్నాయి. అక్కడ నుగాగమం చేసే క్రియే లేదు. మరి ఆ ‘న’ ఎక్కడిది? మా పక్క కన్నడం వినని దినం ఉండదు. ఒకటో, రెండో అనడానికి ఒందనే తారీఖు, ఎరడనే తారీఖు అంటారు. కన్నడ శాసనాల్లో ‘శకవర్ష’ అని అంకె వేసి, దానికి ‘నెయ’ తగిలిస్తారు. ఆ ‘నెయ’కు మన ‘ఏంటి’ తోడై ‘నేంటి’ అయిందని నా నమ్మకం. ‘అగు’ తరువాత వచ్చి చేరింది.

చంద్రగిరి అయ్యవారు:
ఊహ బాగుంది. నిలబడదు. అంకెను నోటితో చదివేటప్పుడు ‘అగు’ను కలుపుకునే చదివేవాళ్లు. అందరికీ తెలిసిన మాట కాబట్టి శిల్పి దాన్ని విడిచి, మిగిలిన ‘నేంటి’ మాత్రం చెక్కినాడు. ఇప్పుడు మనం ‘1వ తేదీ’ అని రాయడం లేదా? ‘ఒకటవ’లోని ‘ట’ గానీ ‘అ’ గానీ కాగితం మీద ఉండదు, చివరి ‘వ’ ఒక్కటే అంకెకు అతుక్కుంటుంది. ఆ ‘అవ’ కూడా ‘అగు’ బిడ్డే.

కరకంబాడి రోడ్డు:
‘వ’ మాట వచ్చింది కాబట్టి నా బాధ చెప్పుకుంటా. మన నోట్లో ‘ఒకటవ’ ఎక్కడుంది? ఒకటో తేదీ, రెండో తేదీ. కానీ అంకె పక్కన ఓత్వం పెట్టి చూడండి, ‘1ో’ అని చుక్కల సున్నా వస్తుంది. ఆ గుర్తు ఆనుకోవడానికి ఒక హల్లు కావాలి, అంకె ఒప్పుకోదు. ఏ ఫాంటు వేసినా అంతే. అందుకే ‘1వ’ అని రాసి ‘ఒకటో’ అని చదువుతున్నాం. యంత్రానికి లోబడి మన మాటకు రాత లేకుండా పోయింది. నేను మాత్రం నా పుస్తకాల్లో ‘ఒకటో తేదీ’ అని అక్షరాల్లోనే వేస్తా.

తిరుచానూరు డీటీపీకి ఒక జాగ్రత్త. శకానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషమే సంవత్సరం వరుస, మీరు చేసింది అదే అనుకుంటా. అయితే లాటెక్‌లో లెక్కలు చేసే న్యూమ్‌ఎక్స్‌ప్ర్‌లో భాగహారం చేస్తే అది దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. శకం 1947కు 12 కలిపితే వచ్చే 1959ని 60తో భాగిస్తే 32 రావాల్సింది 33 వస్తుంది, శేషం 39 బదులు మైనస్ 21 అవుతుంది. డివైడ్ కమాండ్ వాడితే మిగులు కత్తిరించి 32 ఇస్తుంది. ఇంకోటి, వరుస అంకెను బట్టి పేరు ఎంచే ఇఫ్‌కేస్ కమాండ్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. అందుకని 60 పేర్ల వరుసలో చివరిదైన అక్షయ ముందు రావాల, ప్రభవ దాని తరువాత.

తిరుచానూరు డీటీపీ:
డివైడే వాడినా అన్నా. అయినా వర్ధంతి దినం, 2026 మార్చి నడిమి తేదీ, ఇచ్చి చూస్తే ‘1948 అగునేటి పరాభవ’ అని వస్తా ఉంది. పంచాంగంలో ఆ దినానికి ఇంకా విశ్వావసే.

కరకంబాడి రోడ్డు:
మీరు ఏడాది అంకెలోంచి 78 తీసేసినారు. ఉగాది దాటినాక అది సరే, దాటకముందు 79 తీసేయాలి. 2026లో ఉగాది మార్చి 19. ఫాల్గుణ బహుళ ద్వాదశి ఎప్పుడూ ఉగాదికి నాలుగైదు దినాల ముందే పడుతుంది. ఉగాది తేదీ ఏటేటా మారేది కాబట్టి లాటెక్ దాన్ని తనంతట లెక్కించలేదు. ఏడాదికొక ఉగాది తేదీ చేత్తో పట్టికగా ఇవ్వాల్సిందే. మార్చి 22తో మొదలయ్యే భారత ప్రభుత్వపు రాష్ట్రీయ శక పంచాంగం పెట్టుకుంటే లెక్క సులభమే, కానీ అన్నమయ్య రేకు తేదీ ఆ లెక్కది కాదు. తిథి కూడా చేత్తోనే.

నగరి:
79, 78 అనే ఈ చిక్కు ‘అగు’లోనూ ఉంది. 1424 పూర్తయిన ఏడా, నడుస్తున్న ఏడా? తిరుమల గోడల మీద ఎక్కువ శాసనాలు అరవంలో ఉన్నాయి గదా, వాటిలో ‘శకాబ్దం ఇన్నింటిన్ మేల్ చెల్లానిన్ఱ’ అని ఉంటుంది. అంటే శకం అన్ని ఏండ్లు గడిచినాక, ఆ మీద నడుస్తున్న సంవత్సరం. అంకె గడిచినదానిది, పేరు నడిచేదానిది. తెలుగు వాక్యం ఆ సంగతి విడమరచి చెప్పదు, ‘అగు’ అని ఊరుకుంటుంది. ఈ ఒక్క విషయంలో అరవం వాక్యమే తేటగా ఉంది.

చంద్రగిరి అయ్యవారు:
‘అగు’ తద్ధర్మార్థకం. జరిగిందీ, జరిగేదీ రెండూ అందులో ఇముడుతాయి. ‘అయిన’ అని ఉంటే గడిచిందని చెప్పొచ్చు. తెలుగు చెప్పకపోవడం కాదమ్మా, రెండూ కలిపి చెప్పింది.

రాజంపేట ఆడబిడ్డ:
తాళ్లపాక పక్కన పుట్టినదాన్ని, నన్నొక మాట చెప్పనివ్వండి. అసలు చిక్కు ‘నే’లో లేదు, ‘సంవత్సరమందు’లోని ‘అందు’లో ఉంది. ‘క్రోధి సంవత్సరమందు తాళ్లపాక అన్నమాచార్యులు అవతరించిన పదారేండ్లకు తిరువేంగళనాథుండు ప్రత్యక్షమైతేను’. ఆ ‘అందు’ అవతరించినదానికి అంటుకుంటే అన్నమయ్య పుట్టింది శకం 1346లో, అంటే క్రీ.శ. 1424లో. ప్రత్యక్షమైనదానికి అంటుకుంటే పదహారేండ్లు వెనక్కి, క్రీ.శ. 1408లో. ఎక్కువమంది 1408 అంటారు, నేనూ అంతే. ఆయన జీవితంలో తిరిగిపుట్టినట్టయిన ఘడియ స్వామి కనబడిన ఘడియే, రేకు తేదీ దానికే వేస్తారు గానీ నెలల బిడ్డకు వేయరు. ‘సంవత్సరమందు’ తరువాత ఒక్క కామా చెక్కి ఉంటే ఇన్ని పుస్తకాల్లో రెండు రకాల ఏండ్లు చదివే పని ఉండేది కాదు.

కోనేటి కట్ట:
అక్కా, ఆ వాక్యం ముందు కూర్చుంటే నాకు తేదీ కన్నా ‘బ 12’ దగ్గర గొంతు పడిపోతుంది. 1503 ఫిబ్రవరి 23 అని పుస్తకాలు రాస్తాయి. రేకులో బహుళానికి ఒక్క ‘బ’. ఒక మనిషి పాడడం ఆగిపోయిన దినానికి వాళ్లు ఇచ్చిన చోటు ఒక అక్షరం, ఒక అంకె. మిగతా రేకులన్నీ పాటలకు ఇచ్చినారు. తిరుమల గుడిలో హుండీ ఎదురుగా ఉన్న సంకీర్తన భాండాగారం అర చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

తిరుచానూరు డీటీపీ:
కన్నీళ్లొచ్చినాయన్నా. మా పుస్తకంలోనూ ‘బ 12’ అనే ఉంచుతా, ‘బహుళ ద్వాదశి’ అని విప్పను.

అంకెకూ ‘అగునేటి’కీ నడుమ టిల్డే పెట్టినా, ఇంక లైను విరగదు. ‘అగు’, ‘నేటి’ నడుమ ఖాళీ తీసేసినా. ఉగాది పట్టిక పదేండ్లకు రాసిపెట్టినా. తిరగరాసిన టుడే ఊరికే పైన పెడితే, పత్రం మొదలయ్యేటప్పుడు భాషా ప్యాకేజీ మళ్ళీ జనవరే తెచ్చి పెడుతుందని రాత్రి తెలిసింది. ఆ ప్యాకేజీలోని డేట్‌తెలుగు మాక్రో చివర తగిలిస్తే నిలబడింది. ఆఖరుగా టుడేనే తీసేసి తేదీని అక్షరాల్లో వేసినా. పోయినేడు పుస్తకాన్ని మళ్ళీ అచ్చుకు తిప్పితే, పాత పుస్తకం మీద తిప్పిన దినం తేదీ పడింది. రేకు మీద తేదీ మారదు గదా, దీని మీదా మారకూడదు.

ఒక్కటే మిగిలింది. అరసున్న పెట్టాలా, వద్దా? ప్రూఫు రేపు పోతుంది.

చంద్రగిరి అయ్యవారు:
పెట్టు. అగునేఁటి.

కోనేటి కట్ట:
రేకులో లేనిది ఎందుకు పెట్టాలి అయ్యవారూ?

పుంగనూరు:
మీరు అరసున్న తేల్చుకోండి. నేను ఆదివారం చంద్రగిరి కోట మ్యూజియంకు పోతా ఉన్నా. ‘అగు’ లేని ‘నేంటి’ రాయి ఒక్కటి దొరికినా ఫోటో ఇక్కడే పెడతా, అయ్యవారు అప్పుడు ‘నెయ’ గురించి మళ్ళీ మాట్లాడాల.