పాత చర్చిని అందరికీ పనికొచ్చేలా బాగు చేస్తున్నాం: ముందు ఏ పని మొదలుపెట్టాలి?

కిటికీ_పక్కన:
మా దగ్గర ప్రార్థనలు ఆగిపోయి చాలా ఏళ్లయిన రాతి చర్చి ఒకటుంది. సంఘం వాళ్లు కొత్త భవనానికి మారిపోయారు. పాతదాన్ని లీజుకిస్తాం, బాగు చేసుకుని అందరూ వాడుకోండి అంటున్నారు. లైబ్రరీ, చిన్న చిన్న సభలు, పాటకచేరీలు పెట్టాలని మా ఆలోచన. కమిటీలో సగం మంది మాత్రం ముందు రంగులేయించి ప్రారంభోత్సవం చేసేద్దాం, జనం వస్తే డబ్బులు వాటంతటవే వస్తాయి అంటున్నారు. పెంకుల కప్పు కొన్నిచోట్ల కారుతోంది. గోడల అడుగున చెమ్మ. ఒక గోడకైతే పైనుంచి కిందిదాకా బీట. ఇలాంటి పని చేసినవాళ్లు ఏ వరసలో చేశారో చెప్పండి.

వానచుక్క:
రంగు డబ్బాలు కొనకముందు ఒక పని చేయండి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని భవనం చుట్టూ తిరగండి. తర్వాత లోపలికెళ్లి తలెత్తి చూడండి. నీళ్లు ఎక్కడ పొంగుతున్నాయి, ఏ గొట్టం నుంచి గోడ మీదికి కారుతున్నాయి, ఏ దూలం తడుస్తోంది, అన్నీ ఫోన్లో వీడియో తీసిపెట్టుకోండి. ఎండ కాసే రోజున వచ్చి చూసిన ఇంజనీరు రిపోర్టులో ఇవి కనపడవు.

మేం బాగు చేసిన చర్చిలో చెమ్మంతా పునాదుల నుంచి ఎగబాకుతోందనే అందరి నమ్మకం. గోడకు బెజ్జాలు వేసి మందు ఎక్కిస్తామని ఒక కాంట్రాక్టరు కొటేషన్ కూడా ఇచ్చాడు. తీరా నిచ్చెనెక్కి చూస్తే పిట్టగోడ వెనకున్న నీటికాలవ ఆకులతో, పావురాల గూళ్లతో పూడుకుపోయి, నీళ్లన్నీ గోడ కడుపులోకే దిగుతున్నాయి. కాలవ బాగు చేసి, పగిలిన వాన గొట్టం మార్చాక గోడ ఆరడం మొదలుపెట్టింది. మందపాటి రాతిగోడ ఒక్క ఎండాకాలంలో ఆరిపోదు, తొందరపడొద్దు.

బయటి నేల మట్టం కూడా చూడండి. ఏళ్ల తరబడి మట్టి చేరి, దారుల మీద పొర మీద పొర పోసి, లోపలి గచ్చుకన్నా బయటి నేలే ఎత్తయిపోతుంది. అలా ఉంటే గోడ చుట్టూ తవ్వి దించాలి. తవ్వేముందు అక్కడ సమాధులున్నాయేమో సంఘం రికార్డుల్లో చూసుకోండి.

నిలువుకొలత:
వానచుక్క గారు చెప్పిన వరస సరైనదే. కప్పు, కాలవలు, ఆ తర్వాతే గోడలు. కానీ గోడల దగ్గరకొచ్చేసరికి అందరూ సున్నం సున్నం అని భయపెడతారు. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరికితే కదా! మేం రాళ్ల సందులన్నీ సిమెంటుతోనే పూడ్పించాం. గోడ ఇనుములా ఉంది.

తాపీ_చేయి:
గోడ ఇనుములా ఉండటంలోనే తిరకాసుందండీ. పూడ్చి ఎన్నేళ్లయిందో చెప్పలేదు మీరు.

పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు వచ్చిందే 1824లో. అందరి చేతికీ అందడానికి ఇంకా చాలాకాలం పట్టింది. పాత రాతిగోడల్లో ఎక్కువ భాగం సున్నంతో కట్టినవే. ఆ గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ సందుల్లోని సున్నం గుండా వదిలేస్తుంది. ఆ సందుల్ని సిమెంటుతో బిగిస్తే తడి బయటికొచ్చే దారి రాయొక్కటే. తడితో పాటు ఉప్పు కూడా వస్తుంది. రాతి పైపొర కిందే అది గడ్డకట్టి, పొరను లోపల్నుంచి తోస్తుంది. రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడటం అలా మొదలవుతుంది. సందు ఎప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలి. అరిగిపోయిన సందును మళ్లీ పూడ్చుకోవచ్చు, అరిగిపోయిన రాయిని ఏం చేస్తాం?

సున్నం పనికి ఓపిక కావాలి, అది నిజం. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. తడి గోనెపట్టాలు కప్పి మొదట్లో ఆరిపోకుండా చూడాలి. మండే ఎండలోనూ, గడ్డకట్టే చలిలోనూ ఆ పని పెట్టుకోకూడదు. తేమ ఎక్కువుండే చోట్లకు నీటిలోనూ గట్టిపడే హైడ్రాలిక్ సున్నం ఉంది. పాత గారముక్క ఒకటి ల్యాబులో చూపిస్తే ఏ ఇసుక, ఎంత పాళ్లలో కలిపారో తెలుస్తుంది.

కిటికీ_పక్కన గారూ, రంగుల సంగతి కూడా ఇదే. ప్లాస్టిక్ పెయింటు వేస్తే తడి లోపలే ఉండిపోయి, ప్రారంభోత్సవం ఫోటోల్లో మెరిసిన గోడ కొన్నాళ్లకే బొబ్బలెక్కుతుంది. గోడ ఆరాక వెల్ల వేయించండి.

నిలువుకొలత:
వేసి నాలుగేళ్లు. వానాకాలం వెళ్లాక రాళ్లు దగ్గర్నుంచి చూస్తాను, ఏముంటే అది ఇక్కడే రాస్తా. మేస్త్రీలు దొరకరన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తాపీ_చేయి:
అదీ నిజమే. మేం ఒక పెద్దాయన్ను పిలిపించి, మా మేస్త్రీలు ఇద్దరికి వెనకవైపు గోడ మీద నేర్పించమన్నాం. ఎవరి కంటా పడని గోడ నేర్చుకోవడానికి మంచిది.

కిటికీ_పక్కన:
మరి బీట సంగతి? రోజూ చూస్తుంటే పెరుగుతున్నట్టే అనిపిస్తోంది.

వానచుక్క:
రోజూ చూస్తే అలాగే అనిపిస్తుంది. బీటకు అటూ ఇటూ పట్టేలా సన్నటి గాజుముక్క అతికించి పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. కొలతలుండే ప్లాస్టిక్ గేజీలు కూడా దొరుకుతున్నాయి, ఎంత కదిలిందో అవి చెబుతాయి. ఒక ఏడాది ఋతువులన్నీ గడవనివ్వండి. ఎప్పుడో ఆగిపోయిన బీటయితే పూడ్చేసుకోవడమే. కదులుతుంటే కారణం వెతకాలి: పక్కన కారే డ్రైనేజీ గొట్టం, చెట్టు వేళ్లు, లేకపోతే కప్పు. వాసాలు గోడల్ని ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటాయి, వాటిని లోపలికి పట్టి ఉంచేది అడ్డదూలం. దాని కొస గోడలో కుళ్లిపోయిందంటే గోడ బయటికి వాలుతుంది. దీనికి పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరే కావాలి.

ఆదివారం_అక్క:
నేను అవతలి పక్షం మనిషిని. మా సంఘం వదిలేసిన చర్చి ఇప్పుడు కమ్యూనిటీ హాలు. అందులో డాన్సు క్లాసులు నడుస్తున్నాయని నాకేం బాధ లేదు. గోడమీద మా పెద్దవాళ్ల పేర్లున్న రాతిపలకలు తీసి గోదాములో పడేశారు చూడండి, అది నొప్పి. మీరు ఏది కదిపినా ముందు ఫోటో తీసి, ఎక్కడుండేదో రాసిపెట్టి, ఆ కుటుంబాలకు కబురు చేయండి. పలకలు ఉన్నచోటే ఉంటే ఇంకా మంచిది, మీ లైబ్రరీకి అవేం అడ్డు?

కాగితాల మాటా వినండి. లీజు ఇస్తున్నది స్థానిక సంఘమా, ఆస్తి ఎవరి పేరున ఉందో వాళ్లా? రెండూ ఒకటి కాకపోవచ్చు. క్యాథలిక్ చర్చి అయితే 1983 నాటి వాళ్ల చర్చి చట్టంలో 1222వ నిబంధన ఉంది. ఇక ఆరాధనకు పనికిరాని భవనాన్ని బిషప్ లౌకిక అవసరాలకు విడుదల చేయొచ్చు, కానీ ఆ వాడకం హీనమైనది కాకూడదు. మిగతా సంఘాలకు వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది లీజులోనే రాయించుకోండి. లేకపోతే కచేరీ ఉన్న ప్రతి సాయంత్రం గొడవే.

నిలువుకొలత:
అక్కా, పలకలు సరే. బెంచీలన్నీ తీసేయకపోతే హాలు దేనికి పనికొస్తుంది?

ఆదివారం_అక్క:
కొన్ని తీయండి, కొన్ని ఉంచండి. మేకులతో నేలకు దిగేసినవైతే కింద గచ్చు పగలకుండా వడ్రంగితో ఊడదీయించండి. కొత్త కుర్చీలు కొనేలోపు ఎలాగూ ఆ బెంచీలే దిక్కు!

పాతకాగితం:
బెంచీల గొడవకు వెనక పెద్ద ప్రశ్న ఒకటుంది: కొత్తగా పెట్టేవి పాతదాన్ని ఎంతవరకు తాకొచ్చు? పాత కట్టడాల్ని ఎలా కాపాడాలో చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్‌లో రెండు మాటలు పనికొస్తాయి. సమాజానికి ఉపయోగపడే పనికి వాడితే కట్టడం నిలబడుతుంది, కానీ అందుకోసం దాని అమరికను, అలంకారాన్ని మార్చొద్దు అన్నది ఒకటి. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి అన్నది రెండోది. ఉదాహరణకు, పోయిన రంగుటద్దం ఎలా ఉండేదో ఆధారం లేకపోతే, ఇలా ఉండి ఉంటుందిలే అని కొత్త బొమ్మ చేయించకండి. మామూలు అద్దం పెట్టండి చాలు.

నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ నగరంలో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చిలో 2006లో పుస్తకాల షాపు తెరిచారు. అంతస్తుల ఉక్కు అలమర తన కాళ్ల మీద తానే నిలబడి ఉంటుంది. రేపు వద్దనుకుంటే విప్పి తీసుకుపోవచ్చు. లండన్‌లో సెయింట్ ల్యూక్స్ చర్చి పరిస్థితి ఒకప్పుడు ఘోరం. పునాది కుంగడంతో 1959లో కప్పు తీసేశారు, దశాబ్దాల పాటు మొండిగోడలే. 2003లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా దాన్ని సంగీత కేంద్రంగా తెరిచింది. స్పెయిన్‌లో లానేరాలోనైతే చర్చి లోపల పిల్లలు స్కేటింగ్ చేస్తారు! గోడలనిండా రంగురంగుల బొమ్మలు. ఈ చివరిది అక్క గారికి నచ్చుతుందనుకోను.

ఆదివారం_అక్క:
ఫోటోలు చూశాను. బొమ్మల మాట ఎలా ఉన్నా, పిల్లలు వస్తున్నారుగా.

శ్రుతిపెట్టె:
కచేరీలూ సభలూ రెండూ అన్నారు కాబట్టి చెబుతున్నా. ఎత్తయిన రాతి హాలులో శబ్దం చాలా సెకన్ల పాటు మోగుతుంది. బృందగానానికి అది వరం. మాట అర్థం కావాలంటే మాత్రం ఆ మోత ఒక సెకను అటూ ఇటూ ఉండాలి. ఒకే పెద్ద స్పీకరు పెట్టి సౌండు పెంచితే ఇంకా గందరగోళం. చిన్న స్పీకర్లు ఎక్కువ పెట్టి, జనానికి దగ్గరగా, తక్కువ సౌండుతో నడపండి. మందపాటి కర్టెన్లు సభలప్పుడు దింపి, కచేరీకి పక్కకు లాగేయొచ్చు. పుస్తకాల అలమరలు కూడా మోత కొంత మింగేస్తాయి, అంటే మీ లైబ్రరీ సభలకు సాయమే.

కిటికీ_పక్కన:
చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. వాలంటీర్లు చాలామంది ముందుకొస్తున్నారు. వాళ్లతో ఏం చేయించొచ్చు?

వానచుక్క:
ఊడ్చడం, కడగడం, ఫోటోలు తీయడం, రికార్డులు వెతకడం, నేల మీద నిలబడి చేసే పనులన్నీ. కప్పు ఎక్కే పని, కరెంటు, రంగుటద్దాలు మాత్రం ఆ పని తెలిసినవాళ్లకే. గోడమీది మొక్కల్ని ఎవరినీ పీకనివ్వొద్దు, వేళ్లతో పాటు రాళ్లూ ఊడొస్తాయి. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చాక తీయాలి. వెల్డింగు, మంటతో చేసే ఇతర పనులు కప్పు దగ్గర జరిగిన రోజు, పనివాళ్లు వెళ్లాక కూడా ఒక మనిషి కొన్ని గంటలు కాపలా ఉండాలి. 2019లో పారిస్ నోత్రదామ్ కప్పు తగలబడింది మరమ్మతులు నడుస్తున్న రోజుల్లోనే.

ఖర్చు విషయంలో ఒకటే మాట. బాగు చేయడానికి విరాళాలు వస్తాయి, కరెంటు బిల్లుకూ ఇన్సూరెన్సుకూ ఏటా కాలవలు తీయించడానికీ ఎవరూ ఇవ్వరు. నెలనెలా అద్దె కట్టి వాడుకునేవాళ్లను, అంటే క్లాసులు చెప్పేవాళ్లు, సంగీత బృందాలు, ఇప్పుడే వెతకండి. వాళ్లకేం కావాలో తెలిశాకే టాయిలెట్లు ఎక్కడ, ర్యాంపు ఎక్కడ, తలుపులు ఎటు తెరుచుకోవాలి అన్నవి గీయించండి.

కిటికీ_పక్కన:
ఇవన్నీ ప్రింటు తీసి కమిటీకి చదివి వినిపించాను. రంగులు వాయిదా, ముందు పరంజా కట్టి కప్పు చూస్తాం. ముందు రంగులేద్దాం అన్నవాళ్లను ఊరడించడానికి ఒక షరతు ఒప్పుకోవాల్సొచ్చింది: ప్రారంభోత్సవం రోజున పాత గంట మోగాలట. మోగించొచ్చా?

తాపీ_చేయి:
ఊపి మోగించొద్దు. గంట ఊగేటప్పుడు గోపురాన్ని పక్కలకు నెడుతుంది, గంట బరువుకన్నా ఆ తోపుతోనే గోపురానికి ఎక్కువ ప్రమాదం. బీట ఉన్న గోడకు అది అసలు కూడదు. గంటను కదలకుండా ఉంచి సుత్తితో కొట్టే ఏర్పాటు చేయించుకోండి. దానికీ ముందు గంట వేలాడే చట్రం, బోల్టులు ఎవరైనా తెలిసినవాళ్లు చూడాలి. అన్నట్టు, గోపురంలో పావురాల రెట్ట పేరుకుని ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపాకే ఎత్తించండి.