అప్‌డేట్: అమ్మ ఎకో రిపోర్టులో ‘డైలేటెడ్ కరోనరీ సైనస్’, చివరికి తేలింది ఇదీ

శ్రీకాకుళంలో తీయించిన అమ్మ ఎకోలో (గుండె స్కాన్) కరోనరీ సైనస్, అంటే గుండె కండరం నుంచి చెడు రక్తాన్ని వెనక్కి తెచ్చే సిర, వెడల్పుగా ఉందని రాశారు, భయపడాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘ఎడమ చేతి నుంచి బబుల్ టెస్ట్ చేయించండి’ అన్న సలహాయే పనికొచ్చింది.

విజయనగరంలో కార్డియాలజిస్టు, సన్న గాలి బుడగలు వచ్చేలా కలిపిన సెలైన్‌ను ఎడమ చేతి నరంలోకి ఎక్కించి ఎకో చూశారు. బుడగలు ముందు కరోనరీ సైనస్‌లో కనిపించాయి, తర్వాతే కుడి కర్ణికలోకి వచ్చాయి. అంటే మామూలుగా పుట్టకముందే మూసుకుపోవాల్సిన ఎడమవైపు పెద్ద సిర అమ్మకి అలాగే ఉండిపోయింది. ఆ వైపు రక్తం కూడా కరోనరీ సైనస్‌లోకే వచ్చి పడుతుంటే వెడల్పవ్వక ఏమవుతుంది! వెయ్యి మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి ఇలా ఉంటుందట. కుడి కర్ణికలోకే చేరుతోంది కాబట్టి ఇబ్బంది లేదన్నారు. పల్మనరీ ప్రెషర్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి) కూడా నార్మలే.

బ్లాకేమో అన్న మా ఇంట్లోవాళ్ల టెన్షన్‌కి దీనితో సంబంధమే లేదు. బ్లాకులు వచ్చేది ధమనుల్లో; కరోనరీ సైనస్ ధమని కాదు, సిర. యాంజియోగ్రామ్ వద్దన్నారు, మందులూ లేవు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పారు: ఎప్పుడైనా పేస్‌మేకర్ గానీ సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం) గానీ పెట్టాల్సొస్తే ఈ సంగతి ముందే చెప్పాలి. ఎడమవైపు నుంచి పంపే వైరు మామూలు దారిలో వెళ్లదు. రిపోర్టు ఫొటో అందరి ఫోన్లలోనూ పెట్టాం.