రేడియో హాస్యానికి స్టూడియో జనం నవ్వు మేలు చేసిందా, కీడు చేసిందా?

మర్ఫీరేడియో:

నాలుగు నెలలుగా ఆఫీసుకు వెళ్ళివచ్చే దారిలో, 1930ల నుంచి 1950ల దాకా అమెరికాలో ప్రసారమైన రేడియో హాస్య కార్యక్రమాల పాత రికార్డింగులను వరుసగా వింటున్నాను. వినగా వినగా నాకొకటి రూఢి అయింది. స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళ నవ్వును ప్రసారంలో కలపడం వల్ల రేడియో హాస్యానికి చెరుపే జరిగింది. దీన్ని కాదనేవారు ఉంటారని తెలిసే చర్చకు పెడుతున్నాను.

నా వాదానికి ఒక్క ఉదాహరణ చాలు. ‘ఫిబ్బర్ మెక్‌గీ అండ్ మాలీ’ కార్యక్రమంలో 1944లో బ్యూలా అనే నల్లజాతి పనిమనిషి పాత్ర ప్రవేశించింది. ఆమెకు గొంతునిచ్చినవాడు మార్లిన్ హర్ట్ అనే తెల్లజాతి పురుషుడు. అతను జనానికి వీపు పెట్టి నిలబడి, తన వంతు రాగానే గిరుక్కున మైకు వైపు తిరిగి ఆడగొంతుతో పలికేవాడట. స్టూడియో ఒక్కసారిగా గొల్లుమనేది. ఎక్కడో పల్లెటూళ్ళో పెట్టె ముందు కూర్చున్న శ్రోతకు మాత్రం ఒక మామూలు వాక్యమూ, దాని వెంట అర్థంకాని అట్టహాసమూ వినిపించేవి. పెళ్ళిపందిట్లో ఎవరో ఏదో చూసి నవ్వుతుంటే గోడ అవతల నిలబడి వింటున్నవాడి పరిస్థితి అది. ఫ్రెడ్ ఆలెన్ అంతటి హాస్యకారుడు ఈ స్టూడియో జనాన్ని జీవితాంతం ఈసడించుకున్నాడంటే ఊరికే కాదు. ఇంట్లో కూర్చుని వినేవాడి కోసం పుట్టిన కళను, ఎదురుగా కూర్చున్నవాడి కోసం వంచవలసి వచ్చిందన్నదే ఆయన బాధ.

ఇందుకు భిన్నంగా పాల్ రైమర్ రాసిన ‘విక్ అండ్ సేడ్’ వినండి. 1932లో మొదలైన ఆ పదిహేను నిమిషాల కార్యక్రమంలో జనమూ లేరు, నవ్వూ లేదు. ఒక చిన్న ఊళ్ళో ఒక ఇల్లు, భార్య, భర్త, ఒక పిల్లవాడు, వాళ్ళ కబుర్లు మాత్రమే ఉంటాయి. ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పరు కనుక మనమే వెతుక్కుని నవ్వుకుంటాం.

తెరవెనుక:

మర్ఫీరేడియో గారూ, మీరు కథను మధ్యలోంచి మొదలుపెట్టారు. జనం లేకుండా హాస్యం ప్రసారం చేసిన తొలి రోజుల్లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. 1922 ఫిబ్రవరిలో ఎడ్ విన్ అనే ప్రసిద్ధ రంగస్థల హాస్యనటుడు, న్యూజెర్సీలోని డబ్ల్యూజేజెడ్ స్టేషనులో తన నాటకాన్ని మైకు ముందు ప్రదర్శించాడు. మొదటి హాస్యోక్తి వేశాడు, ఉలుకూ పలుకూ లేదు. రెండోది వేశాడు, అదే నిశ్శబ్దం. ఆయనకు చెమటలు పట్టి, స్టేషనులో కనిపించిన పనివాళ్ళనందరినీ పోగుచేసి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాక గాని ఊపిరి తీసుకోలేదు. పదేళ్ళ తరువాత టెక్సకో పెట్రోలు కంపెనీ ప్రాయోజకత్వంలో రేడియోకు తిరిగి వచ్చినప్పుడు, వినేవాళ్ళకు కనబడవని తెలిసీ పూర్తి వేషం కట్టి, ముఖానికి రంగు పూసుకునే మైకు ముందుకు వచ్చాడు. హాస్యం ఒకరు చేస్తే పుట్టేది కాదు, చేసేవాడికీ నవ్వేవాడికీ మధ్య పుట్టేది. హరికథ చెప్పే దాసుగారు పిట్టకథ విసిరి, చిడతలు ఆపి, పందిరి మొత్తం నవ్వేదాకా ఆగడం మీరు చూడలేదా?

మర్ఫీరేడియో:

చూశాను. కాని ఆ పందిట్లో నేనూ ఉన్నాను. ఎడ్ విన్‌కు జనం కావలసివచ్చింది రంగస్థలం అలవాటు వల్ల. నటుడికి ఊతకర్ర కావలసివస్తే దాన్ని శ్రోత ఎందుకు మోయాలి?

అర్ధరాత్రి శ్రోత:

ఊతకర్ర అన్న మాట దగ్గరే ఆగుదాం, ఎందుకంటే కొన్నిచోట్ల అది ఊతకర్ర కాదు, వాయిద్యం. 1948 మార్చి 28న ప్రసారమైన జాక్ బెన్నీ కార్యక్రమాన్ని తీసుకోండి. ఆ నాటికల్లో బెన్నీ పిసినారితనం దేశమంతటికీ తెలిసిన సంగతి. రాత్రివేళ ఇంటికి నడిచి వెళుతుంటే ఒక దొంగ అడ్డుపడి, డబ్బిస్తావా, ప్రాణమిస్తావా అని అడుగుతాడు. బెన్నీ మాట్లాడడు. ఆ మౌనంలోనే నవ్వు మొదలై పెరుగుతుంది. దొంగ విసిగిపోయి మళ్ళీ గద్దిస్తే, ఆలోచిస్తున్నానయ్యా అని బెన్నీ విసుక్కుంటాడు.

ఆ మౌనాన్ని జనం లేని స్టూడియోలో ఊహించి చూడండి. రేడియోలో నిశ్శబ్దమంటే శ్రోతకు ఒకటే అర్థం, పెట్టె చెడిపోయిందని. లేచి వెళ్ళి మీట తిప్పుతాడు. నవ్వు వినిపిస్తున్నది కాబట్టే ఆ నిశ్శబ్దం నిశ్శబ్దంగా నిలిచింది, బెన్నీ ముఖంలో కదులుతున్న లెక్కలు మనకు కనిపించాయి. నిజానికి ఇక్కడ హాస్యోక్తి అంటూ ఏమీ లేదు. అంతకుముందు పదహారేళ్ళ పాటు శ్రోతల మనసుల్లో కట్టుకుంటూ వచ్చిన ఒక స్వభావం ఉంది, అది తెలిసిన జనం ఉన్నారు, వాళ్ళు తమకు తెలుసని నవ్వుతో చెబుతున్నారు. రేడియో చరిత్రలో ఇదే అతి పొడుగైన నవ్వని కొందరు గొప్పగా చెబుతారు గాని, రికార్డింగు వింటే అదేమీ లేదని తేలిపోతుంది. పొడుగు కాదు, చోటు ముఖ్యం.

ఓపికస్తురాలు:

మీ ముగ్గురి మాటల్లోనూ ఒక విషయం జారిపోయింది. మర్ఫీరేడియో గారు ఈ కార్యక్రమాలను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బస్సులోనో రైల్లోనో ఒంటరిగా వింటున్నారు. అవి తయారైంది అలా వినడానికి కాదు. రాత్రి భోజనాల వేళ హాల్లో ఒక పెట్టె, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ. స్టూడియోలో లేచిన నవ్వు ఆ ఇంటి నవ్వులో కలిసిపోయేది. ఇప్పుడు మీ చెవిలో అదొక్కటే మిగిలింది కనుక పానకంలో పుడకలా తగులుతోంది.

మా చిన్నప్పుడు విజయవాడ కేంద్రం నుంచి వచ్చే హాస్య నాటికల్లో నవ్వులు ఉండేవి కావు. అయితే మా తాతగారు ఉండేవారు. ఆయన పడకకుర్చీలో వెనక్కి వాలి, పై దంతాలు జారిపోకుండా రెండు వేళ్ళతో నొక్కిపట్టుకుని, కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వేవారు. సగం సంభాషణ మాకు వినిపించేది కాదు. ఆయన నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం. మా ఇంటికి సంబంధించినంతవరకు స్టూడియో జనం ఆయనే. ఆకాశవాణి వారు అప్పుడప్పుడు ఆహూతుల సమక్షంలో కార్యక్రమాలు చేసినప్పుడు, ఆ నవ్వులు కొత్తగా అనిపించాయే తప్ప అడ్డుగా అనిపించలేదు.

కొత్తశ్రోత:

తెలియక అడుగుతున్నాను. ఆ నవ్వులన్నీ నిజంగా అక్కడ కూర్చున్నవాళ్ళవేనా, లేక టీవీ సీరియళ్ళలోలాగా తరువాత అతికించినవా?

తెరవెనుక:

చాలాకాలం నిజమైనవే, ఎందుకంటే కార్యక్రమాలన్నీ ప్రత్యక్ష ప్రసారాలు. అంతేకాదు, మొదట్లో స్టూడియోకు వచ్చినవాళ్ళను నవ్వవద్దని, చప్పట్లు కొట్టవద్దని హెచ్చరించేవారు. 1930ల తొలినాళ్ళలో ఎడ్డీ క్యాంటర్ అనే హాస్యనటుడు ఆ కట్టుబాటును తెంచాడు. అతికింపు 1947 తరువాతి మాట. గాయకుడు బింగ్ క్రాస్బీ ప్రతి వారమూ ప్రత్యక్షంగా పాడలేనని పట్టుబట్టి తన కార్యక్రమాన్ని ముందుగా రికార్డు చేయించసాగాడు. మొదట డిస్కుల మీద, 1947 నుంచి అయస్కాంత టేపు మీద. టేపు వచ్చేసరికి కత్తెర వచ్చింది. ఆ కార్యక్రమానికి టేపు పని చూసిన జాక్ మల్లిన్ తరువాతి రోజుల్లో చెప్పిన సంగతి ఇది: ఒకసారి బాబ్ బర్న్స్ అనే హాస్యకారుడు ప్రసారానికి పనికిరాని మోటు హాస్యాలు చెబితే జనం పగలబడి నవ్వారు. మాటలు కత్తిరించేశారు గాని నవ్వును దాచిపెట్టారు. కొన్ని వారాల తరువాత అంతగా నవ్వురాని మరో కార్యక్రమంలో ఆ నవ్వును తెచ్చి కలిపారు. డబ్బా నవ్వు పుట్టుక అదే.

మర్ఫీరేడియో:

తెరవెనుక గారూ, నా వాదానికి నేను వెతుక్కోలేకపోయిన సాక్ష్యం మీరే తెచ్చి ఇచ్చారు. జనం నవ్వు హాస్యంలో భాగమే అయితే, ఒక హాస్యం మీద పుట్టిన నవ్వు మరో హాస్యానికి అతకకూడదు. అతికింది, ఎవరూ పట్టుకోలేదు! అంటే అది ప్రతిస్పందన కాదు, ఇక్కడ నవ్వండి అన్న ఆజ్ఞ. బ్యూలా విషయంలో జరిగిందీ అదే. ఒక నల్లజాతి స్త్రీని వెక్కిరించే వేషాన్ని చూసి స్టూడియో నవ్వితే, దేశం మొత్తానికి అందులో తప్పులేదన్న ముద్ర పడిపోయింది.

అర్ధరాత్రి శ్రోత:

ఇక్కడ మాత్రం మీతో గట్టిగా విభేదిస్తున్నాను, ఎందుకంటే చరిత్ర మీకు ఎదురుగా ఉంది. నల్లజాతివారిని వెక్కిరించిన కార్యక్రమాల్లో అన్నిటికంటే పెద్దది ‘ఏమోస్ అండ్ ఆండీ’. ఫ్రీమన్ గోస్డెన్, చార్లెస్ కోరెల్ అనే ఇద్దరు తెల్లజాతీయులు 1928 మార్చిలో షికాగోలో మొదలుపెట్టిన ఈ పదిహేను నిమిషాల ధారావాహిక జనాదరణ ఎంతటిదంటే, దాని సమయానికి సినిమా హాళ్ళలో బొమ్మ ఆపి రేడియో పెట్టేవారు. ‘పిట్స్‌బర్గ్ కూరియర్’ అనే నల్లజాతి పత్రిక 1931లోనే దానిపై సంతకాల ఉద్యమం నడిపింది. అప్పటికి ఆ కార్యక్రమంలో స్టూడియో జనం లేరు, నవ్వు లేదు, మీరు మెచ్చుకుంటున్న ఆ ప్రశాంతతే ఉంది. జనం వచ్చింది 1943లో, అరగంట కార్యక్రమంగా మారినప్పుడు. కాబట్టి వెక్కిరింతకు జనం నవ్వు పూచీ అనడం కుదరదు. నిశ్శబ్దంలో కూడా వెక్కిరింత హాయిగా బతికింది.

అయితే మీకు ఒక మాట ఒప్పుకుంటాను. 1943కు ముందు అది ఒక కథ. అప్పులు, పెళ్ళిమాటలు, టాక్సీ వ్యాపారం తాపీగా రోజుల తరబడి సాగేవి. జనం వచ్చాక ప్రతి అర నిమిషానికీ ఒక నవ్వు పుట్టించవలసిన అగత్యం ఏర్పడి, పాత్రలు పలుచబడ్డాయి. ఇది స్టూడియో నవ్వు చేసిన చెరుపే.

ఓపికస్తురాలు:

నవ్వు కోసం ఆగడం మరో చిక్కు కూడా తెచ్చింది. ఎంతసేపు నవ్వుతారో ముందుగా లెక్కకట్టలేరు కనుక, ఫ్రెడ్ ఆలెన్ కార్యక్రమం తరచూ సమయం మించిపోయేది. ప్రసార సంస్థ ఎన్‌బీసీ వారు చివర కత్తిరించేవారు. 1947 ఏప్రిల్‌లో ఆలెన్ ఆ కత్తిరింపుల మీదే, ఆ సంస్థ ఉపాధ్యక్షుల మీదే హాస్యమాడబోతే ప్రసారాన్ని కొన్ని క్షణాలు ఆపేశారు. ఆ ఆపడం వల్ల వచ్చిన పేరు, ఆ హాస్యం వినిపించి ఉంటే వచ్చేది కాదు!

ఇక అసలు విషయానికి వస్తాను. మనం ఇంతసేపూ వేర్వేరు కార్యక్రమాలను పోల్చుకుంటున్నాం. బెన్నీ వేరు, రైమర్ వేరు. ఎవరికి నచ్చింది వారు చూపించవచ్చు. ఒకే కార్యక్రమం జనంతోనూ, జనం లేకుండానూ నడిచిన సందర్భం మనకు ఒకటుంది. మర్ఫీరేడియో గారు మొదట తప్పుపట్టిన ఫిబ్బర్ మెక్‌గీయే. ఫిబ్బర్, మాలీ పాత్రలు వేసిన జిమ్ జోర్డన్, మేరియన్ జోర్డన్ దంపతులు 1935 నుంచి పద్దెనిమిదేళ్ళు జనం ఎదుట అరగంట కార్యక్రమం చేసి, 1953 అక్టోబరు నుంచి దాన్ని జనం లేకుండా, టేపు మీద, వారంలో ఐదు రోజులు పదిహేను నిమిషాల వంతున చేశారు.

అరగంట రోజుల్లో ఫిబ్బర్, మాలీల ఇంటి గూటి తలుపు దేశమంతటికీ తెలుసు. 1940 మార్చి 5న మాలీ నిఘంటువు కోసం ఆ తలుపు తెరిస్తే, అందులో ఫిబ్బర్ కుక్కిన సామానంతా ఆమె మీద కూలింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి అదే హాస్యం నడిచింది: దడదడమని డబ్బాలు, గిన్నెలు, పెట్టెలు పడిపోవడం, అంతా అయిపోయిందనుకున్నాక ఒక చిన్న గంట ‘టింగ్’మనడం, ఎప్పుడో ఒకప్పుడు ఈ గూడు సర్దాలని ఫిబ్బర్ సణగడం. స్టూడియోలో ఉన్నవాళ్ళకు కనిపించింది సౌండు మనిషి మెట్ల మీంచి పారేస్తున్న తుక్కు. ఇంట్లో ఉన్నవాళ్ళకు కనిపించింది గూడు. కాని ఆ చప్పుడుకూ ఆ గంటకూ మధ్య నవ్వు ఒకటి ఎగసి తగ్గుతుంది చూడండి, గంటకు చోటు చేసిపెట్టింది అదే. మర్ఫీరేడియో గారు రెండు రకాలవీ విని చెప్పాలని నా కోరిక.

మర్ఫీరేడియో:

మీ మాట మీద ఈ వారమంతా విన్నాను. చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది.

1953 తరువాతి భాగాల్లో ఆ దంపతులు నిజమైన భార్యాభర్తల్లా మాట్లాడుకుంటారు. గొంతులు తగ్గాయి, తొందర తగ్గింది, మాటకు మాట అందుకోవడంలో ఒక చనువు వచ్చింది. నాకు కావలసింది ఇదేనని మొదటి రెండు రోజులు మురిసిపోయాను. మూడో రోజు మళ్ళీ 1940ల భాగం ఒకటి పెట్టుకున్నాను. ఫిబ్బర్ గూటి తలుపు వైపు వెళుతున్నాడని తెలియగానే, అతను ఇంకా పిడి మీద చెయ్యి వేయకముందే, స్టూడియోలో ఎవరో ఒకావిడ ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. ఆ ఒక్క కిసుక్కు విని రైల్లో నేను పైకే నవ్వేశాను, ఎదుటి సీటాయన తలెత్తి చూశాడు.

బ్యూలా విషయంలో నా మాట మార్చుకోను. కంటికి కనబడే దాన్ని చూసి నవ్విన నవ్వు శ్రోతకు అన్యాయమే. క్రాస్బీ డబ్బా నవ్వు గురించి కూడా అంతే. చెవితో విని నవ్విన నవ్వుల లెక్క వేరని మాత్రం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఓపికస్తురాలు గారూ, మీ దగ్గర 1953 తరువాతి భాగాల్లో గూటి తలుపు తెరిచినది ఏదైనా ఉంటే చెప్పండి, నేను విన్నవాటిలో అది తగల్లేదు. ఆ గంట నిశ్శబ్దంలో ఎలా మోగుతుందో వినాలని ఉంది.