కెమెరాలు రాకముందు మంచు స్ఫటికాల బొమ్మలు ఎలా గీశారు?

ఆవకాయ_అన్నం:
ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో అచ్చేయించిన మైక్రోగ్రాఫియా అనే పుస్తకంలో, మైక్రోస్కోప్‌లో చూసి గీసినవంటూ మంచు స్ఫటికాల బొమ్మలు చూశాను, ఆరేసి కొమ్మలు, ముగ్గు వేసినట్టున్నాయి. డౌట్ ఏంటంటే మంచు చెయ్యి తగిలితేనే కరిగిపోతుంది కదా, అంత సన్నటి కొమ్మలు గీసేదాకా ఆగుతుందా? నిజంగా చూసి గీశారా, ఊహించుకుని గీశారా?

చలిమంట:
చూసే గీశారండీ. బయట గడ్డకట్టే చలి ఉన్నంతసేపూ అది కరగదు, అసలు శత్రువు మన ఊపిరి. హుక్ నల్లగుడ్డ మీదో నల్లటోపీ మీదో మంచు పడనిచ్చి చూసేవాడు. జపాన్‌లో కొగా ప్రాంతాన్ని ఏలిన దోయ్ తొషిత్సురా అయితే ఇంకా పకడ్బందీ మనిషి. మంచు కురిసేలా ఉన్న రాత్రి నల్లగుడ్డను ముందే బయట పెట్టి చల్లబరచడం, దాని మీద పడిన పలుకును పట్టకారుతో తీసి నల్ల లక్కపాత్రలో ఉంచడం, ఊపిరి తగలకుండా మైక్రోస్కోప్‌లో చూడడం, ఇదీ వరస. అలా గీసిన 86 బొమ్మలతో 1832లో పుస్తకం వేశాడు, ఆ డిజైన్లు తర్వాత కిమోనోల మీదకి కూడా ఎక్కాయి.

రెండోమాట:
చూశారు సరే, కానీ ఉన్నదున్నట్టు గీశారని నేను నమ్మను. అమెరికాలో వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు మైక్రోస్కోప్‌లో చూస్తూ గీయాలనే చూశాడు, బొమ్మ పూర్తయ్యేలోపే కరిగిపోతుంటే విసిగిపోయి కెమెరా పట్టాడు. 1885 జనవరిలో మొదటి ఫొటో, ఆ తర్వాత మొత్తం 5000 పైనే. ఆయన కూడా చక్కగా ఉన్నవాటినే ఏరుకునేవాడు, నెగటివ్ మీద స్ఫటికం చుట్టూ కత్తితో గీకి బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వచ్చేలా చేసేవాడు. నిజానికి కురిసే మంచులో వంకరటింకరవి, విరిగినవే ఎక్కువ. ఫొటోలే అలా ఉంటే చేత్తో గీసినవాళ్లు ఓ కొమ్మ చూసి మిగతా ఐదూ అలాగే లాగించేయరా?

ఆవకాయ_అన్నం:
అంటే ఆ ఆరు కూడా డౌటేనా?

చలిమంట:
ఆరు పక్కా. మంచుగడ్డలో నీటి అణువులు షడ్భుజాలుగా అల్లుకుంటాయి, ఆ లెక్కే బయటికి కనిపిస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లోనే ఎందుకు ఆరే అని ఓ చిన్న పుస్తకం రాశాడు గానీ జవాబు తేల్చలేకపోయాడు, అప్పటికి అణువుల సంగతి ఎవరికి తెలుసు! కొమ్మలు కాపీ కొట్టారన్న అనుమానం మాత్రం కొట్టిపారేయలేను. అలాగని అందరూ అంతే అనకండి. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1635లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మంచుని మామూలు కంటితోనే చూసి, పన్నెండు కొమ్మలవి కూడా పడ్డాయని రాశాడు. అవి నిజంగానే ఉంటాయి, రెండు స్ఫటికాలు మెలిపడి అతుక్కుంటే వచ్చేవి. ఊహించి రాసేవాడైతే ఆరుతోనే సరిపెట్టేవాడు కదా.