టెక్సాస్‌లో కొత్త ఇల్లు: మొదటి ఏడాది టాక్స్ బిల్లు గురించి

అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబరులో డాలస్ దగ్గరి సెలీనాలో కొత్తగా కట్టిన ఇల్లు కొన్నాం. నిన్న 2025 ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చింది, మొత్తం 2,200 డాలర్లు. టెక్సాస్ టాక్స్ నడ్డి విరుస్తుందని అందరూ భయపెట్టారు, ఇదేమో బాగానే ఉంది! సొంతింట్లో ఉండేవాళ్ళకి టాక్స్ తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఒకటి ఉందంటున్నారు, హెచ్‌1బీ మీద ఉన్న మాకు వస్తుందా? ఫీజు కడితే ఆ పని చేసిపెడతామని ఎవరో ఉత్తరం కూడా పంపారు. పెద్దవాళ్ళు చెప్పగలరు.

---

తమ్ముడూ, కొత్తింట్లో అడుగుపెట్టినందుకు చాలా సంతోషం. కానీ ఆ 2,200 మీ ఇంటి టాక్స్ కాదు, ఖాళీ స్థలం టాక్స్. ఇక్కడ ఏటా జనవరి 1న ఎలా ఉందో దాన్నిబట్టి విలువ కడతారు. ఆ రోజుకి మీ ఇల్లు ఇంకా లేవలేదు. వచ్చే జనవరి 1న గోడలు, పైకప్పు, గ్యారేజీ అన్నీ లెక్కలోకి వస్తాయి.

మాకు ఇది ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది స్థలానికి రెండు వేల చిల్లర వచ్చింది. లోన్ ఇచ్చినవాళ్ళు ఎస్క్రో (టాక్స్ కట్టడానికి నెల వాయిదాతో పాటు తీసుకుని పక్కన పెట్టే డబ్బు) కూడా ఆ లెక్కనే పెట్టారు. మరుసటి ఏడు ఇంటితో కలిపి ఎనిమిది వేల చిల్లర. ఆ తేడా ఆరు వేలు వాళ్ళే కట్టేసి, ఫిబ్రవరిలో మాకు ఉత్తరం రాశారు. ముందుకి నెలకి ఐదొందలు ఎక్కువ, కట్టిన పాత కొరతకి మరో ఐదొందలు. ఒక్కసారిగా నెల వాయిదా వెయ్యి డాలర్లు పెరిగింది. అప్పుడు మా చిన్నవాడికి నాలుగు నెలలు, నేను ఉద్యోగం మానేసి ఉన్నాను. ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో నిలబడిపోయిన రోజు నాకింకా గుర్తుంది. మీకలా జరగకూడదనే ఇంత పొడుగున రాస్తున్నాను.

ఈ రోజే క్లోజింగ్ కాగితాలు, అంటే ఇల్లు కొన్నరోజు సంతకాలు పెట్టినవి, తీసి, ఎస్క్రోలో టాక్స్‌కి నెలకి ఎంత పడుతోందో చూడండి. రెండు వందలకి అటూ ఇటూ ఉంటే అది స్థలం లెక్కే. లోన్ వాళ్ళకి ఫోన్ చేసి పూర్తి ఇంటి విలువ మీద మార్చమనండి. కుదరదంటే నెలనెలా ఐదారు వందలు విడిగా దాచి, దాన్ని ముట్టుకోకండి. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో ఇంటి పన్ను కట్టేసి, 5 శాతం రాయితీ తీసుకుని మరిచిపోయే అలవాటు మనది. ఇక్కడ రాష్ట్రానికి ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి బడి, సిటీ, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ అన్నీ ఇంటి మీదే ఆధారపడతాయి. అన్నీ కలిపి మీ వైపు సుమారు రెండు శాతం, అందులో సగానికి పైగా బడిదే.

హోమ్‌స్టెడ్ మీకు వస్తుంది. ఆ ఫారం గ్రీన్‌కార్డ్ అడగదు. ఇల్లు మీదై ఉండాలి, మీరు అందులోనే ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఈ ఇంటి అడ్రసే ఉండాలి. చాలామంది దగ్గర పాత అపార్ట్‌మెంట్ అడ్రసు ఉండిపోతుంది, ముందు అది మార్చుకోండి. 50-114 ఫారం మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఇళ్ళకి విలువ కట్టే ఆఫీసుకి, మీరే పంపండి. పైసా ఖర్చు లేదు, ఆ ఉత్తరం చించేయండి. జనవరి దాకా ఆగక్కర్లేదు. 2022 నుంచి కొన్న ఏడాదే వేసుకోవచ్చు.

2025 నవంబరు ఓటింగ్‌తో బడి టాక్స్‌లో మినహాయింపు లక్ష డాలర్ల నుంచి లక్షా 40 వేలకి పెరిగింది. అంటే ఇంటి విలువలో అంత భాగానికి బడి టాక్స్ పడదు. బడి రేటు వంద డాలర్ల విలువకి ఒక డాలరు అనుకున్నా ఏటా 1,400 మిగులుతాయి. టాక్స్ లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా క్యాప్ కూడా ఉంటుంది. అయితే కొత్త కట్టడానికి అది వర్తించదు, కాబట్టి వచ్చే ఏడు రాబోయే పెద్ద పెరుగుదలని ఆపదు. ఆ తర్వాతి ఏడు నుంచే దాని ఫలం కనిపిస్తుంది.

---

అక్క అన్నీ చెప్పేశారు. మెకినీ నుంచి నాదొక మాట. ఏప్రిల్, మే ప్రాంతంలో విలువ నోటీసు వస్తుంది. ఎక్కువనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల లోపు, ఏది తర్వాతైతే ఆలోగా అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయండి. మా పెరటి గోడ వెనకే పెద్ద రోడ్డు. లారీలు పోతుంటే తీసిన ఫోటోలూ, అదే వీధిలో అదే ప్లాన్‌తో ఉన్న మూడు ఇళ్ళ విలువలూ ముందు పెట్టాను. ఫోన్‌లోనే మాట్లాడి తగ్గించారు. "టాక్స్ ఎక్కువండీ" అని మొరపెట్టుకుంటే వినరు, విలువ గురించే మాట్లాడాలి.

---

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఎస్క్రో చూశాను, నెలకి 185 మాత్రమే. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. ఇంకొక్కటి: అమ్మానాన్నలకి 65 దాటాయి, మార్చిలో విజిటర్ వీసా మీద వస్తున్నారు. వాళ్ళ వల్ల అదనపు మినహాయింపు వస్తుందా?

---

రాదు తమ్ముడూ. 65 దాటినవాళ్ళ మినహాయింపు రావాలంటే ఇంట్లో వాళ్ళకి యాజమాన్య వాటా ఉండాలి, వాళ్ళ స్థిర నివాసం కూడా అదే కావాలి. దాని జోలికి వెళ్ళకండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఐదేళ్ళకోసారైనా హోమ్‌స్టెడ్‌లను మళ్ళీ పరిశీలిస్తారు. అప్పుడు ఉత్తరం వస్తే పక్కన పడేయకుండా జవాబివ్వండి. ఈ 2,200 లోన్ వాళ్ళు కట్టారో లేదో కౌంటీ సైట్‌లో చూసుకోండి. జనవరి 31 దాటితే ఫిబ్రవరిలోనే పెనాల్టీ, వడ్డీ కలిపి 7 శాతం పడుతుంది. ఎవరు కట్టాల్సిందైనా బిల్లు మీ పేరు మీదే ఉంటుంది.