ఇంటి వీడియోలన్నీ ఎంపీ4లోకి మార్చాలా, ఉన్నవి ఉన్నట్టే ఉంచాలా?

(ఒడిశాలోని మూడు ఊళ్లవాళ్ల మధ్య చర్చ; ప్రతి మాటకీ ముందు ఆ మనిషి ఊరి పేరు.)

పర్లాకిమిడి: హ్యాండీక్యామ్ ఎంటీఎస్ ఫైళ్లు, పెళ్లి డీవీడీల వాబ్ ఫైళ్లు, ఐఫోన్ ఎంఓవీ ఫైళ్లు ఇక్కడ ఆడతాయి, ఏరు దాటి పాతపట్నంలో చుట్టాల కంప్యూటర్లో ఆడవు. నా మాట ఒకటే: అన్నీ హెచ్264 (బొమ్మని కుదించే పద్ధతి), ఏఏసీ (మాటని కుదించే పద్ధతి) ఉన్న ఎంపీ4 చేసెయ్యాలి.

రాయగడ: అన్నీ అనకండి మాస్టారూ. ఎంపీ4 డబ్బా మాత్రమే, లోపల సరుకు వేరు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్లో కంట్రోల్ జె నొక్కి చూడండి. ఎంటీఎస్‌లో ఉన్నది హెచ్264యే. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే, అంటే కొత్తగా కుదిస్తే, గంటలు పోతాయి, నాణ్యతా పోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంలో వీడియోకి కాపీ (ఉన్నది ఉన్నట్టే కొత్త డబ్బాలోకి), ఆడియోకి ఏఏసీ 192కె ఇస్తే నిమిషాల్లో అయిపోతుంది. ఆడియోని ఎంటీఎస్‌లో ఉన్న ఏసీ3 పద్ధతిలోనే వదిలేస్తే చాలా బ్రౌజర్లలో బొమ్మ వస్తుంది, మాట రాదు.

పర్లాకిమిడి: మరి 1080ఐ, అంటే ఇంటర్‌లేస్డ్ వీడియోల సంగతో? అందులో ఒక్కో ఫ్రేమూ రెండు సగాలు: సరి గీతలు, బేసి గీతలు, మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా. వీఎల్‌సీ సర్దుకుంటుంది. బ్రౌజర్ సర్దదు, తలంబ్రాలు పోసే చేతి అంచున దువ్వెన పళ్లు కనిపిస్తాయి.

రాయగడ: నిజమే, అది కాపీతో పోదు. వాటికీ, డీవీడీలకీ హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ తప్పదు: డీఇంటర్‌లేస్ (సగాల్ని పూర్తి ఫ్రేములు చేయడం)లో యాడిఫ్, ప్రీసెట్ బాబ్, ఫ్రేమ్‌రేట్ 50 కాన్‌స్టంట్, ఆర్ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 20, డీవీడీకి 18. ఫ్రేమ్‌రేట్ 25 పెట్టారా, కదలికలో సగం పోయినట్టే. డీవీడీ 720×576ని 1080కి సాగదీయకండి, లేని వివరం పుట్టదు.

బరంపురం: ఎక్కువ గొడవ ఐఫోన్‌తో. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్ 7, ఆపై మోడళ్లు హెచ్ఈవీసీ (హెచ్264 తర్వాత వచ్చిన కుదింపు పద్ధతి)లో తీస్తున్నాయి. విండోస్ 10లో దాని ఎక్స్‌టెన్షన్ లేకపోతే మాట వినబడి బొమ్మ రాకపోవచ్చు. ఐఫోన్ 12 నుంచి 10 బిట్ హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల పరిధి ఎక్కువగా ఉండే రకం) కూడా తోడైంది. రంగులు సరిచేయకుండా హెచ్264 చేస్తే పట్టుచీర వెలిసిపోయినట్టుంటుంది. ఇకపై తీసేవాటికి కెమెరా ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టండి. ఇప్పటికే తీసినవి మార్చినా అసలు ఫైలు చెరపొద్దు. ఇంకోటి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి.

పర్లాకిమిడి: సరే, 'అన్నీ' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చుట్టాలకిచ్చే కాపీ మాత్రం హెచ్264లోనే ఉండాలి. పెద్దవాళ్లచేత వీఎల్‌సీ వేయించడం కుదిరే పని కాదు.

రాయగడ: ఇచ్చేముందు వీఎల్‌సీ లేని కంప్యూటర్లో పెట్టి, ప్రతి క్లిప్పూ చివరి నిమిషానికి జరిపి చూడండి. ఫోన్ క్లిప్పుల్లో ఫ్రేమ్‌రేట్ నిలకడగా ఉండదు కదా, పెదవికీ మాటకీ తేడా వస్తే అక్కడే బయటపడుతుంది.